రాత్రి బస సంగతి బయల్దేరే ముందే తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడినప్పుడల్లా దూరప్రయాణాల మీద పత్రికల్లో కథనాలు వస్తుంటాయి. ఏమేం చూడాలో, బండిలో ఏం సర్దుకోవాలో వివరంగానే ఉంటుంది. రాత్రి బస దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘అలసిపోతే దారిలో ఏదైనా హోటల్లో విశ్రాంతి తీసుకోండి’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ముక్కలో రెండు తప్పులున్నాయి. అలసిపోయిన సంగతి తెలిశాక ఆగడమంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఇక ‘ఏదైనా హోటల్’ అన్నది అంతకంటే పెద్ద తప్పు. కంటి మీద కునుకు పట్టని గదిలో దొర్లి లేచినవాడికి, రాత్రంతా బండి నడిపినవాడికి స్టీరింగ్ దగ్గర పెద్ద తేడా ఉండదు. దూరప్రయాణాల డ్రైవర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లం కాబట్టి ఈ రెండింటి గురించీ కాస్త విడమరిచి రాస్తున్నాం. ఉత్తరం పొడవైతే మన్నించగలరు.

ముందు గడియారం సంగతి. మనిషి మెలకువ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక సుమారు 2 నుంచి 6 గంటల దాకా బాగా పడిపోతుంది. మధ్యాహ్నం 2–4 మధ్య మరోసారి కొద్దిగా తగ్గుతుంది. భోజనం మానేసినా ఈ మధ్యాహ్నపు మత్తు తప్పదు. దీనికి తోడు నిద్రలేచి ఎన్ని గంటలైందన్న లెక్క ఇంకొకటి. వరసగా 17 గంటలు మేలుకున్నవాడి చేతి ఒడుపు, చురుకు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగజారతాయని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపించారు. 24 గంటలైతే అది 0.10 శాతంతో సమానం. ప్రయాణం రోజున తెల్లవారుజామున 4 గంటలకే లేచి సామాను సర్దినవాడికి ఆ 17 గంటలు రాత్రి 9కే నిండిపోతాయి. ‘ఇంకెంత, రెండు గంటల్లో చేరిపోతాం’ అని అందరూ అనుకునే వేళ సరిగ్గా అదే.

ఇందులో చిక్కేమిటంటే, మత్తు ముంచుకొస్తున్న సంగతి మత్తులో ఉన్నవాడికే సరిగా తెలియదు. కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే 110 మీటర్ల పైమాటే. బ్రేకు తొక్కిన గీతలు రోడ్డు మీద కనపడని ప్రమాదాలకు తరచూ ఇదే కారణం. గత ఐదు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోవడం, టైరు పదేపదే గీత ఎక్కడం, ముందు బండికి ఎంత దూరంలో ఉన్నామన్నది పట్టకపోవడం గుర్తులు. ఆవలింతలు అందరికీ రావు, వాటి కోసం ఎదురుచూడొద్దు. అద్దం దించడం, పాటల శబ్దం పెంచడం, మొహాన నీళ్లు చల్లుకోవడం కొన్ని నిమిషాల ముచ్చటే. కాస్తయినా పనిచేసే ఉపాయం ఒక్కటుంది: భద్రమైన చోట బండి ఆపి, ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే 15–20 నిమిషాలు కునుకు తీయడం. కాఫీ ఒంటికి పట్టడానికి దాదాపు అంతే సమయం పడుతుంది కాబట్టి రెండూ కలిసొస్తాయి. అయితే ఇది హోటల్ దాకా చేరడానికే. కాఫీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 7 దాటాక తాగింది గదిలో మీ నిద్రకే ఎసరు పెడుతుంది.

అందువల్ల ఎక్కడ ఆగాలన్నది నిద్ర వచ్చాక కాదు, బయల్దేరే ముందే తేలిపోవాలి. కిలోమీటర్లను బట్టి కాకుండా గంటలను బట్టి లెక్క వేసుకోండి. వృత్తి డ్రైవర్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 153వ ఒడంబడిక వరసగా 4 గంటలకు మించి నడపొద్దంటుంది, రోజు మొత్తంలో 9 గంటలు దాటొద్దంటుంది. యూరప్‌లో భారీ వాహనాల డ్రైవర్ నాలుగున్నర గంటలకు 45 నిమిషాలు ఆగి తీరాలి. ఇవి రోజూ అదే పని చేసేవాళ్ల హద్దులు. ఏడాదికోసారి దూరం వెళ్లే సొంత కారు మనిషికి 8 గంటలు పైహద్దు అనుకోవాలి, 7 అయితే ఇంకా మేలు. ఫోన్‌లో మ్యాపు చూపే సమయం ఆగకుండా పోతే పట్టేది. ఇంధనం, భోజనం, పిల్లల అవసరాలు కలిపితే దానికి కనీసం నాలుగో వంతు చేర్చాలి. మ్యాపు 7 గంటలంటే మీకు దాదాపు 9 గంటలు. ఆ లెక్కన చీకటి పడటానికి గంట ముందు చేరే ఊరేదో చూసుకుని, దానికి యాభై అరవై కిలోమీటర్లు ఇవతల ఇంకో ఊరిని కూడా అనుకుని పెట్టుకోండి. మధ్యాహ్నం మూడింటికి ఆగినప్పుడు అనుకున్నదానికంటే వెనకబడి ఉంటే ఆ ఇవతలి ఊరే మీ మజిలీ. ఈ నిర్ణయం బండి నడిపేవాడొక్కడే తీసుకోకూడదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లకే అతని పరిస్థితి బాగా కనపడుతుంది, వాళ్లు మేలుకుని ఉంటే.

వెలుగుండగా చేరడం ఎందుకంటారా? చీకట్లో పార్కింగ్ కనపడదు, వెనక ఖాళీ స్థలంలో ఏముందో కనపడదు, గది నచ్చకపోతే ఇంకోటి వెతుక్కునే ఓపిక ఉండదు. రాత్రి 11కు చేరినవాడు ఏది చూపిస్తే అందులో పడుకుంటాడు. ఆ సంగతి కౌంటర్లో ఉన్నవాడికీ తెలుసు.

బుకింగ్ ఆన్‌లైన్లో చేసినా ఒకసారి హోటల్‌కే ఫోన్ చేయాలి. మొట్టమొదట హోటల్ రోడ్డుకు ఏ వైపు ఉందో అడగండి. మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద రోడ్ల మీద ఎదురు వైపు హోటల్‌ను చూస్తూ దాటిపోయి, చాలా దూరం వెళ్లి తిప్పుకుని రావాల్సి వస్తుంది; అప్పటికే అలసి ఉన్న కొందరు అక్కడే ఎదురు దారిలోకి బండి పోనిస్తారు. పార్కింగ్ ప్రహరీ లోపలా, రోడ్డు వారా? కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడా ఇస్తుందా, ఒక్క లైటుకీ ఫ్యానుకేనా? ఆ రాత్రి కింద హాల్లో వేడుక ఏదైనా ఉందా? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు, తెల్లవార్లూ మైకు మోగాక గానీ తెలియదు.

అర్ధరాత్రి దాటాక చేరేవాళ్లు తేదీ విషయంలో తరచూ బోల్తా పడతారు. 15వ తేదీ రాత్రి ఒంటిగంటకు చేరతారనుకుందాం. క్యాలెండర్ ప్రకారం అది 16. కానీ మీకు కావాల్సింది 15 రాత్రి గది. 16కు బుక్ చేస్తే చేరేసరికి గది ఉండదు, చెక్-ఇన్ మధ్యాహ్నమే అంటారు. సరిగ్గా 15కే బుక్ చేసినా ఆలస్యం సంగతి ముందే చెప్పాలి. హోటళ్లు రాత్రి పొద్దుపోయాక ఆ రోజు లెక్కలు మూసేస్తాయి. అప్పటికి రానివాళ్లను రానివాళ్ల ఖాతాలో వేసి గది ఇంకొకరికి ఇచ్చేసే అవకాశముంది. ఫోన్ చేసి చెప్పినప్పుడు అవతల మాట్లాడినవారి పేరు రాసుకోవడం మంచి అలవాటు.

చేరాక సామాను దించే ముందు గది చూడాలి. సామాను పైకెక్కాక గది మార్చమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. రోడ్డు పక్క హోటల్లో నిద్ర చెడగొట్టేది రోడ్డు మీద సాగిపోయే వాహనాల హోరు కాదు, దానికి చెవి అలవాటు పడుతుంది. ఆగి ఆగి వచ్చే శబ్దాలే అసలు శత్రువులు: లారీల ఎయిర్ బ్రేకుల బుస్సులు, రివర్స్ హారన్లు, వంటింటి ఎగ్జాస్ట్, లిఫ్టు తలుపు. చల్లటి సరుకు మోసే కంటెయినర్ లారీ ఏదైనా కిటికీ కింద ఆగి ఉంటే దాని కూలింగ్ యంత్రం రాత్రంతా ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది. జనరేటర్ ఏ మూల ఉందో చూసి దానికి ఎదురు మూల గది అడగండి. పొగ గొట్టం కిటికీ వైపు ఉంటే శబ్దమే కాదు, విషవాయువు కూడా లోపలికి వస్తుంది.

అంతస్తుల్లో మొదటిదో రెండోదో మేలు. కింది అంతస్తు గదుల కిటికీలు పార్కింగ్‌లోకి తెరుచుకుంటాయి. హెడ్‌లైట్లు గోడ మీద పడతాయి, కారు తలుపులు దబదబ మోగుతుంటాయి, బయటివాడి చేయి కిటికీకి అందుతుంది. బాగా పై అంతస్తు అయితే నిప్పంటుకున్నప్పుడు దిగడం కష్టం. రోడ్డుకు వెనక వైపు, లిఫ్టుకు దూరంగా, మెట్లకు మూడు నాలుగు గదుల అవతల ఉన్నది దొరికితే తీసేసుకోండి.

ఇంత ఎంపిక అవసరమా అని కొందరు విసుక్కుంటారు. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం ఒట్టి భ్రమ కాదు. అలాంటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడులో ఒక సగం, ఎక్కువగా ఎడమ సగం, పూర్తిగా విశ్రమించక కాపలా కాస్తుందని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. తెలియని చోట చిన్న చప్పుడుకే లేచేది అందుకే. ఒక్క రాత్రి బసలో మీకున్నది ఎప్పుడూ ఆ మొదటి రాత్రే కదా! స్పాంజి చెవి బిరడాలు, ఇంటి దగ్గర వాడే దిండు, కిటికీ తెర సరిగా మూసుకోకపోతే పట్టి ఉంచడానికి రెండు బట్టల క్లిప్పులు, ఇవి మూడూ వెంట ఉంటే చాలా వరకు గట్టెక్కుతారు. బిరడాలు పెట్టుకునేవాళ్లు అలారం ఫోన్‌ను దిండు పక్కనే వైబ్రేషన్‌తో పెట్టుకోవాలి.

ఇక మంచం. నల్లులున్నాయో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. పెట్టెలు మంచం మీద పడేయకుండా బాత్రూంలో పొడి నేల మీద పెట్టి మొదలుపెట్టండి. దుప్పటిని నాలుగు మూలలా ఎత్తి, ఫోన్ టార్చి వేసి, పరుపు కుట్టు వెంబడి పాత కార్డు అంచుతో గీసుకుంటూ పోవాలి. పెద్ద నల్లి 4–5 మిల్లీమీటర్లుంటుంది, చదునుగా, ఎర్రటి గోధుమ రంగులో. పిల్లలు పాలిపోయి కంటికి ఆనవు, గుడ్లు తెల్లగా ఒక మిల్లీమీటరు. ప్రాణమున్నవి కనపడకపోయినా సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కుట్టు దగ్గర గుంపుగా ఉంటే అనుమానించాలి. తడి గుడ్డతో రుద్దితే అవి ముదురు గోధుమ రంగులో పాకుతాయి. తలవైపు చెక్క వెనక, మేకు రంధ్రాలు, మంచం కోళ్ల అతుకులు కూడా చూడాలి. పరుపు మార్చినా అక్కడివి అక్కడే ఉంటాయి. గది తళతళలాడుతోంది కదా అని ఊరుకోవద్దు. నల్లికి కావాల్సింది మురికి కాదు, మనిషి నెత్తురు. నెలల తరబడి తిండి లేకుండా బతుకుతుంది కాబట్టి ఖాళీగా ఉన్న గదిలోనూ ఉండగలదు.

కనపడితే వేరే గది అడగండి. కానీ పక్క గది, సరిగ్గా పై గది, కింది గది వద్దు. గోడల్లో వైర్ల దారుల వెంట ఇవి గది నుంచి గదికి పాకుతాయి. కనపడకపోయినా పెట్టెను గోడకు ఆనించకుండా స్టాండు మీదే ఉంచడం మంచిది. అనుమానం ఉంటే ఇంటికి చేరాక బట్టలను డ్రయ్యర్లో బాగా వేడి మీద అరగంట తిప్పండి, లేదా 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. పెట్టెను మూసిన కారులో ఎండకు పెడితే చస్తాయన్న చిట్కాను నమ్ముకోవద్దు. బట్టల మడతల లోపలికి ఆ వేడి సమంగా చేరదు.

బాత్రూం గురించి రెండు మాటలు, ఒకటి ప్రాణానికి సంబంధించింది. నీళ్లు కాచడానికి గ్యాస్ గీజర్ బాత్రూం లోపలే బిగించి ఉంటే జాగ్రత్త పడాలి. తలుపు, వెంటిలేటర్ మూసేస్తే గాలి చాలక మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మంట నీలంగా కాకుండా పసుపుగా ఉన్నా, గీజర్ మీద మసి చార కనపడినా వాడొద్దు. తప్పనిసరైతే వెంటిలేటర్ తెరిచి, బకెట్ నింపుకుని, గీజర్ కట్టేసి, కాసేపు తలుపు తెరిచి ఉంచాక స్నానానికి వెళ్లాలి. ఆ రాత్రి గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే దాన్ని ప్రయాణపు బడలిక ఖాతాలో వేయకండి. అందరూ బయటికొచ్చి గాలి పీల్చుకున్నాకే కారణం వెతకాలి. చలి ప్రాంతాల్లో గదిలోకి బొగ్గుల కుంపటి తెప్పించుకునేవాళ్లకూ ఇదే హెచ్చరిక.

రెండోది, చాలా రోజులు ఎవరూ దిగని గదిలో షవర్. పైపుల్లో గోరువెచ్చగా నిలిచిన నీటిలో లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లు న్యుమోనియాతో వరసగా పడిపోయాకే దీని సంగతి లోకానికి తెలిసింది. ఇది ఊపిరితిత్తులకు చేరేది సన్నటి తుంపరతో. వేడి నీటి కుళాయి, షవర్ రెండూ తెరిచి, మీరు బయటికొచ్చి, రెండు మూడు నిమిషాలు పోనివ్వండి. వయసు మళ్లినవాళ్లు, పొగ తాగేవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు ఇది తప్పక పాటించాలి.

తలుపు గొళ్లెం లోపలి నుంచి గట్టిగా పడుతోందా, పక్క గదికి దారితీసే తలుపేదైనా ఉంటే దానికి గడియ ఉందా చూడండి. తలుపు కింద దోపే రబ్బరు బిరడా ఒకటి పెట్టెలో ఉంటే ఏ తాళం మీదా ఆధారపడక్కర్లేదు. రాత్రి గది ఫోన్ మోగి ‘రిసెప్షన్ నుంచి, మీ కార్డు పనిచేయలేదు, నంబరు మళ్లీ చెప్పండి’ అంటే పెట్టేయండి. నిజంగా రిసెప్షనే అయితే కిందికి దిగితే తెలిసిపోతుంది. అత్యవసర మెట్ల దాకా ఒకసారి నడిచి, మీ గది నుంచి అక్కడికి ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోవాలి. పొగలో కళ్లు పనిచేయవు, లెక్క పనిచేస్తుంది. ఆ మెట్ల తలుపుకు తాళం ఉన్నా, దారిలో పాత పరుపులు పేర్చి ఉన్నా గట్టిగా అడగండి, వినకపోతే హోటల్ మార్చండి. వసారాలో పొగ నిండితే తలుపు కింద తడి తువ్వాలు కుక్కి కిటికీ దగ్గరికి చేరాలి. గది తాళం, ఫోన్, చెప్పులు మంచానికి చేతికందే దూరంలో ఉండాలి.

బండిని దీపం కింద, కెమెరా కనుచూపులో, ముందు భాగం బయటికి ఉండేలా పెట్టండి. లారీలు తిప్పుకునే మలుపులో వద్దు. లోపల ఒక్క సంచి కూడా కనపడకూడదు, ఖాళీ సంచి అయినా సరే. అద్దం పగలగొట్టేవాడికి అది ఖాళీ అని తెలియదు. వేరే బండ్లు జరపడానికి తాళంచెవి కౌంటర్లో ఇమ్మంటే ఇవ్వొచ్చు, కానీ ఇంటి తాళాలు అదే గుత్తిలో ఉండకూడదు. ఇన్సులిన్ లాంటి మందులు బండిలో వదలొద్దు. విద్యుత్ కారైతే రాత్రి బస కలిసొచ్చే వరమే: 7 కిలోవాట్ల ఛార్జర్ మీద 8 గంటలకు 56 యూనిట్లు ఎక్కుతాయి, మామూలు పెద్ద ప్లగ్గు మీద 3 కిలోవాట్లనుకున్నా 24. ఛార్జర్ పనిచేస్తోందా అన్నది ఫోన్లోనే అడగాలి. గది కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో లాగడం మాత్రం వద్దేవద్దు. అంత కరెంటు గంటల తరబడి మోసే శక్తి ఆ బాక్సులకు ఉండదు, కరిగిపోతాయి.

పొద్దున బండి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని దారిలో ఎక్కడా సరిగా చేయలేరు. టైర్లలో గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి మూడు గంటలకు పైగా కదలకుండా ఉన్నాక. రాత్రంతా ఆగిన బండికి అంతకంటే మంచి వేళ లేదు. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద అతికించిన అంకె చల్లటి టైరుకు సంబంధించినదే. యాభై కిలోమీటర్లు నడిచాక పంపులో చూస్తే అదే టైరు మూడు నాలుగు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపుతుంది. ఎక్కువైందని గాలి తీయిస్తే చల్లారాక తక్కువవుతుంది. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగి, వేడెక్కి, సామాను బరువుతో వేగంలో పేలే ప్రమాదం పెరుగుతుంది. చిన్న ప్రెషర్ గేజి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. వంగినప్పుడే బండి కింద కూడా ఒక చూపు వేయండి: తేటనీరు రాత్రి వాడిన ఏసీది, పట్టించుకోనక్కర్లేదు, పచ్చగానో గులాబీ రంగులోనో జారుడుగా ఉంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్, నల్లగా ఉంటే ఆయిల్, రెండింటికీ మెకానిక్‌ను చూడకుండా కదలొద్దు. కూలెంట్ మూత తెరవడానికీ అదే మంచి వేళ, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తెరిస్తే మొహాన చిమ్ముతుంది.

ఇంత చేసి కూడా కొందరు బసను చేజేతులా పాడుచేసుకుంటారు. రాత్రి 11కు పడుకుని ‘రోడ్లు ఖాళీగా ఉంటాయి’ అని 3 గంటలకే స్టార్ట్ చేస్తారు. రోడ్డు ఖాళీయే, డ్రైవర్ మెదడు కూడా అప్పుడు అలాగే ఉంటుంది. నాలుగు గంటల నిద్రతో, ఒంటి గడియారం అట్టడుగున ఉన్న వేళ బయల్దేరడమంటే గదికి కట్టిన డబ్బు దండగ. 7 గంటలకు పైగా నిద్రపోయినవాళ్లతో పోలిస్తే గడిచిన 24 గంటల్లో 4–5 గంటలే నిద్రపోయిన డ్రైవర్లకు ప్రమాదం నాలుగు రెట్లకు పైగా ఎక్కువని అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ 2016లో లెక్కగట్టింది. కనీసం 7 గంటలు పడుకోండి, లేచాక అరగంట ఆగి స్టీరింగ్ పట్టండి. నిద్రలేచిన తొలి పావుగంట, అరగంట మనిషి ఇంకా పూర్తిగా తేరుకోడు. రాత్రి మద్యం పుచ్చుకుంటే నిద్ర తొందరగా పడుతుంది గానీ రాత్రి రెండో సగంలో ముక్కలైపోతుంది. పైగా పొద్దుటికి ఒంట్లోంచి పూర్తిగా పోకపోవచ్చు.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లు గమనించాలి. నలుగురికి ఒక గది తీసుకున్నప్పుడు మంచం పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇచ్చి, అదనపు పరుపు వేయించుకుని నేల మీద పడుకునేది చాలాసార్లు బండి నడిపిన మనిషే. త్యాగం బాగానే ఉంది, పొద్దున ఆ నలుగురి ప్రాణాలూ ఉండేది ఆ నడుము మీదే. ఆ ఒక్క రాత్రికి మంచి మంచం, గోడవైపు చోటు, అందరికంటే ముందు నిద్ర అతనిదో ఆమెదో కావాలి. గురక విపరీతంగా పెట్టి, 8 గంటలు పడుకున్నా పగలు తూలేవాళ్లు దూరం నడపడానికి ముందు డాక్టర్ దగ్గర నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు పరీక్ష చేయించుకోవడం అవసరం.

అద్దె బండి సంగతి ఇంకా దారుణం. ప్రయాణికులకు పైన ఏసీ గదులు, డ్రైవర్‌కు సీటు వెనక్కి వాల్చిన కారు. ఉక్కకు తట్టుకోలేక అతను ఇంజిన్, ఏసీ ఆన్ చేసుకుని అద్దాలెత్తి పడుకుంటాడు. ఆగి ఉన్న బండిలో, ముఖ్యంగా షెడ్డు కిందో గోడ వారనో, పైపు పొగ లోపలికి చేరి నిద్రలోనే ప్రాణం తీయగలదు. ప్రమాదం అంతదాకా రాకపోయినా వాలిన సీటులో మెడ వాలేసి, కాళ్లు ముడుచుకుని, దోమలతో, సెక్యూరిటీ టార్చీలతో గడిపిన రాత్రిని విశ్రాంతి అనలేం. ఇందాక చెప్పిన 153వ ఒడంబడిక వృత్తి డ్రైవర్‌కు రోజులో వరసగా 10 గంటల విశ్రాంతి కావాలంటుంది. రాత్రి 10కి మిమ్మల్ని దించి, బండి కడిగి, పొద్దున 5కు సిద్ధంగా ఉండాల్సిన మనిషికి ఆ పది గంటలు దక్కవు.

హోటల్ యజమానులకు మా మనవి ఒకటే. డ్రైవర్ల కోసం నాలుగు మంచాలు, ఫ్యాను, స్నానానికి వసతి ఉన్న గది ఒకటి వేరుగా ఉంచండి. అది జనరేటర్ షెడ్డు పక్కన కాకుండా ఉండాలి. బుకింగ్ పేజీలో ‘పార్కింగ్ ఉంది’ అన్న గుర్తు పక్కనే ‘డ్రైవర్‌కు మంచం ఉంది’ అన్న గుర్తు కూడా పెడితే అడిగేవాళ్లు పెరుగుతారు. ప్రయాణికులు గది ఖాయం చేసుకునే ఫోన్‌లోనే ఈ ప్రశ్న అడగాలి. లేదంటే డ్రైవర్‌కు ఇంకో చిన్న గది తీసుకుని, ఆ రాత్రి కారు తాళం మీ దగ్గర పెట్టుకుని, పొద్దున ఎన్నింటికి బయల్దేరేదీ అతన్నే చెప్పమనండి.

ఇట్లు,
దూరప్రయాణాల డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే ఇద్దరు పాఠకులు